నెల తక్కువ పాపాయికి అమ్మ పాలు

నెలలు నిండకుండా కాన్పయితే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. బిడ్డేమో అద్దాల పెట్టెలో, తల్లేమో వార్డులో. "ఇంత పసిగుడ్డు రొమ్మేం పట్టుకుంటుంది? డబ్బాపాలు పట్టించండి" అనే మాట అక్కడే బయల్దేరుతుంది. నిజానికి ఇలాంటి బిడ్డకే తల్లిపాల అవసరం మరీ ఎక్కువ.

37 వారాలు నిండకముందే పుట్టిన పిల్లల పేగులు చాలా లేతగా ఉంటాయి. పేగులు వాచి దెబ్బతినే ప్రాణాంతకమైన జబ్బు డబ్బాపాలు తాగేవాళ్లలోనే ఎక్కువ. నెల తక్కువ బిడ్డను కన్న తల్లి పాలల్లో మొదటి వారాల్లో మాంసకృత్తులు కూడా ఎక్కువగా ఉంటాయి.

చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం - ఈ మూడూ కలిపి చేయడం సాధారణంగా 34 వారాల దాకా బిడ్డకు సరిగ్గా చేతకాదు. అందాకా పిండిన పాలను సన్నని గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో పట్టి, ఆఖరున రొమ్ము అలవాటు చేస్తారు. ఈ మెట్లన్నీ ఎక్కించేది నర్సమ్మలే.

పాలు పిండే పద్ధతి

కాన్పయిన మొదటి గంటల్లోనే మొదలుపెట్టాలి. బిడ్డ దగ్గర లేదు కదా అని ఊరుకుంటే పాలు తగ్గిపోతాయి. రాత్రితో సహా రోజుకి ఎనిమిది సార్లైనా పిండాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, నీళ్లలో మరిగించిన స్టీలు గిన్నె పెట్టుకోండి. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగానికి పైన బొటనవేలు, కింద చూపుడువేలు ఆనించి, ముందు ఛాతీ వైపుకి, తర్వాత వేళ్లు రెండూ దగ్గరకు తెచ్చి నొక్కి వదలాలి. చనుమొనను లాగకూడదు. నొప్పి పుడుతుంటే సిస్టర్ని పిలిచి మళ్లీ చూపించమనండి.

మొదట్లో వచ్చేవి చుక్కలే. ఆ ముర్రుపాలు పారబోయొద్దు. మా ఆడపడుచు కూతురికి మొదటి రోజు చెంచా అడుగు తడిసేటన్నే వచ్చాయి. పిల్ల ఒకటే ఏడుపు. రాత్రి డ్యూటీ సిస్టర్ ఆ చుక్కలే సిరంజిలోకి తీసుకుని, "ఈ పూటకి మీ పాపకి విందుభోజనం ఇదేనమ్మా" అంది. ఆ మాటకే పిల్లకి ధైర్యం వచ్చింది. ఐదో రోజుకి గిన్నె సగం నిండింది.

గుండెకి హత్తుకుంటే

1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో ఎడ్గార్ రే అనే డాక్టరు కంగారూ పద్ధతి మొదలుపెట్టారు. టోపీ, లంగోటీ మాత్రమే వేసిన బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి పైన దుప్పటి కప్పుతారు. బిడ్డకి వెచ్చదనం, తల్లికి పాలూ పెరుగుతాయి. తండ్రి, అమ్మమ్మ కూడా ఇలా పెట్టుకోవచ్చు.

ఎంత చేసినా పాలు చాలకపోతే, వేరే తల్లులు దానమిచ్చిన పాలను పరీక్షించి, వేడిచేసి ఇచ్చే బ్యాంకులున్నాయి. మన దేశంలో మొదటిది 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో వచ్చింది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో పెట్టారు.

పెద్దవాళ్లం మనం చేయాల్సింది ఇంతే. బాలింతకి వేళకి అన్నం, కాస్త నిద్ర చూడాలి. పిండిన పాలను జాగ్రత్తగా సిస్టరుకి అందించాలి. "నీకు పాలు లేవు" అన్న మాట మాత్రం ఎవరి నోటా రానివ్వకూడదు.