పరిశ్రమ, గృహం, స్త్రీ: పాశ్చాత్య అనుభవం, శంషాబాద్ పాఠం

యంత్రం బట్టను నేసినట్లే మానవ సంబంధాలను కూడ కొత్తగా నేస్తుంది. పారిశ్రామిక విప్లవాన్ని గురించి మన విద్యార్థులు చరిత్ర పాఠ్యగ్రంథాలలో చదువుతూనే ఉన్నారు. ఆవిరియంత్రం, నూలుమిల్లు, రైలుబండి అనే మూడు మాటలతో ఆ అధ్యాయాన్ని ముగించడం పరిపాటి. కాని ఆ విప్లవం ఇంటి గడప దాటి లోపలికి వచ్చి స్త్రీ జీవితాన్ని, మనుషుల ఆలోచనలను ఏ విధంగా మార్చినదో, అటువంటి మార్పు మన శంషాబాద్ పరిసరాలలో ఏ రూపం దాల్చినదో ఈ వ్యాసంలో వివరింపదలచాము.

18వ శతాబ్ది మధ్యభాగం వరకు ఇంగ్లండులో నూలు వడకడం, బట్ట నేయడం చాలవరకు ఇళ్ళలోనే జరిగేవి. భార్య వడికిన నూలును భర్త నేసేవాడు. పిల్లలు దూదిని ఏకేవారు. ఇల్లే కర్మశాలగా ఉండేది. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ క్రాంఫర్డ్ వద్ద నీటిశక్తితో నడిచే నూలుమిల్లును స్థాపించిన తరువాత ఈ ఏర్పాటు క్రమంగా విచ్ఛిన్నమైనది. పని ఇంటిని విడిచి మిల్లులోనికి వెళ్ళినది. పొద్దును బట్టి సాగే పనిదినం మిల్లుగంటకు లోబడినది. తక్కువ కూలికి దొరుకుతారు కనుక యజమానులు స్త్రీలను, పిల్లలను విరివిగా నియమించారు. వారి దుస్థితిని చూసి పార్లమెంటు కదలక తప్పలేదు. 1842 నాటి చట్టం స్త్రీలు గనులలో భూగర్భాన పనిచేయడాన్ని నిషేధించినది. 1847 నాటి చట్టం మిల్లులలో స్త్రీల, యువకుల పనిదినాన్ని 10 గంటలకు పరిమితం చేసినది.

ఇక్కడ మనం గమనింపవలసిన విషయం ఒకటున్నది. మిల్లులో పనిచేసిన వివాహిత తన చెమటోడ్చి సంపాదించిన కూలి చట్టరీత్యా ఆమెది కాదు, భర్తది. ఆ కూలి ఆమె సొంతమని ఇంగ్లండు చట్టం అంగీకరించినది 1870లో మాత్రమే. అనగా క్రాంఫర్డ్ మిల్లుకు, ఈ హక్కుకు నడుమ దాదాపు నూరు సంవత్సరాలు గడిచినవి. 1792లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్, 1869లో జాన్ స్టూవర్ట్ మిల్ స్త్రీల హక్కులను సమర్థిస్తూ గ్రంథాలు రచించారు. పురుషులతో సమానమైన ఓటుహక్కు బ్రిటిష్ స్త్రీలకు 1928లో గాని లభింపలేదు. యంత్రం ముందు నడిచినది, ఆలోచన దానిని అనుసరించినది, చట్టం అన్నింటికంటె వెనుక వచ్చినది.

మన ప్రాంతంలో ఈ క్రమం వేరుగా ఉన్నది. మెహర్ భార్య సొత్తని ముస్లిం ధర్మశాస్త్రం, స్త్రీధనం స్త్రీదేనని హిందూ ధర్మశాస్త్రం ఏనాడో చెప్పినవి. అయితే హక్కు గ్రంథంలో ఉండడం ఒకటి, అది చేతికందడం మరొకటి. హైదరాబాదు సంస్థానంలో పరిశ్రమలు ఎక్కువగా ప్రభుత్వ ప్రోత్సాహంతో పైనుండి దిగివచ్చినవి. 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చినది. 1889లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం ఆరంభమైనది. 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసినవి. కొత్త భావాలు మరొక దారిని వచ్చినవి. మౌల్వీ ముహిబ్ హుసేన్ నడిపిన 'ముఅల్లిమె నిస్వాన్' ఉర్దూ పత్రిక స్త్రీవిద్యను గురించి 19వ శతాబ్దిలోనే వాదించినది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పాశ్చాత్య శాస్త్రాలను ఉర్దూలో బోధించినది. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతో పాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగినది.

ఇంగ్లండులో పని ఇంటిని విడిచి వెళ్ళగా, తెలంగాణలో పరిశ్రమ స్త్రీ ఇంటికే వచ్చినది. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల బీడీ పరిశ్రమ ఇందుకు నిదర్శనం. ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకొని చేటలో పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీకి మిల్లుగంట లేదు, కాని విశ్రాంతి కూడ లేదు. ఇంటివద్ద పనిచేసేవారిని సైతం కార్మికులుగా 1966 నాటి బీడీ కార్మికుల చట్టం గుర్తించవలసి వచ్చినది.

ఇక శంషాబాద్ సంగతి. 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996లో ప్రభుత్వం 111వ ఉత్తర్వును జారీచేసి, వాటి పరివాహక గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను నిషేధించినది. 2022లో ఆ నిబంధనలు సడలింపబడినవి. ఈ కారణంగా మన వైపు పొగగొట్టాలు అంతగా లేవలేదు. పొగగొట్టానికి బదులు విమానం వచ్చినది. సుమారు 5,500 ఎకరాలలో నిర్మించిన అంతర్జాతీయ విమానాశ్రయం నుండి 2008 మార్చి 23న రాకపోకలు ఆరంభమైనవి. బెంగుళూరు రహదారి మీది చిన్న ఊరు ప్రపంచ పటంలోనికి ఎక్కినది.

భూమి పోయినప్పుడు పట్టాదారుకు పరిహారం ముట్టుతుంది. నాటువేసి, కలుపుతీసి బ్రతికిన కూలి స్త్రీకి పట్టా లేదు. 1894 నాటి భూసేకరణ చట్టం భూమిలో హక్కు గలవారికి వెలకట్టినదే గాని, ఆ భూమి మీద కూలి చేసినవారిని లెక్కించలేదు. వ్యవసాయ కూలీలను కూడ బాధిత కుటుంబాలుగా గుర్తించిన చట్టం 2013లో వచ్చినది. ఇంగ్లండు స్త్రీ విషయంలో చూసిన ఆలస్యమే ఇక్కడ కూడ మనకు కనిపిస్తున్నది.

అయితే తల్లి కోల్పోయిన పనికి బదులుగా కూతురుకు కొత్త పనులు ఏర్పడినవి. స్త్రీ ప్రయాణికులను స్త్రీలే తనిఖీ చేయాలి. టిక్కెట్ల కౌంటరు, సరకుల గిడ్డంగి, హోటలు, శుభ్రతపని, వీటన్నింటికీ మనుషులు కావాలి. కాని చదువున్న పిల్ల కౌంటరు దగ్గరకు, చదువు లేని పిల్ల చీపురు దగ్గరకు చేరుతుంది. విమానానికి రాత్రి పగలు భేదం లేదు కనుక రాత్రి డ్యూటీ తప్పదు. అర్ధరాత్రి ఇల్లు చేరే దారి, పసిబిడ్డను చూసుకొనే చోటు, జీతం పడే ఖాతా ఎవరి పేర ఉన్నదనే విషయం, ఈ మూడింటిని బట్టి ఆమె సంపాదన ఆమెకు స్వాతంత్ర్యమవుతుందో, రెండవ చాకిరీ అవుతుందో తేలుతుంది.

కావున మా మనవి రెండు మాటలు. చరిత్ర, అర్థశాస్త్ర విద్యార్థులు సెలవులలో చుట్టుపట్ల గ్రామాలకు వెళ్ళి, పొలం పోయిన అవ్వల, నానీల మాటలను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి తేవాలి. అవి ఏ గ్రంథాలయంలోను దొరకవు, ఆ తరం దాటితే ఎక్కడా దొరకవు. కళాశాల కార్యవర్గంవారు దూరగ్రామాల బాలికల రాకపోకలకు, ఇంటర్మీడియట్‌తో చదువు ఆగిపోకుండ సహాయానికి తగిన ఏర్పాటు చేయాలి. ఇంగ్లండు స్త్రీ నూరేండ్లు వేచి చూసినది. మన ఆడపిల్లలు అంతకాలం వేచియుండవలసిన అవసరం లేదు.