ఇంజను మార్చిన తరువాత మిశ్రమము పలుచబడుట – కారణము కనుగొను విధము

పవర్ వీడరుకు గాని, నీటి పంపుకు గాని ఉన్న చిన్న పెట్రోలు ఇంజను అరిగిపోయినపుడు, పాత చట్రము మీదనే కొత్త ఇంజనును బిగించుకొనుట పల్లెలలో సాధారణమైనది. ఖర్చు కలిసివచ్చునని పాత కార్బురేటరును, పాత పెట్రోలు టాంకును అట్లే వాడుకొనువారును గలరు. ఇట్లు మార్చిన ఇంజను కొన్నిచోట్ల మొదటి దినము నుండియే మొరాయించును. వేగము తనంతట తానే హెచ్చుచు తగ్గుచు ఊగులాడును. కార్బురేటరు లోనికి టప్పుమని ఎదురు పేలును. బరువు పడగానే ఆగిపోవును. ప్లగ్గు మార్చినను గుణము కనబడదు. ఈలోగా నేల పదును మన కొరకు ఆగదు. కావున విడిభాగములు కొనుటకు ముందు జబ్బు ఎచ్చటనున్నదో కనుగొనుట లాభము.

మిశ్రమము పలుచబడుట యననేమి?

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. కొలతలో చెప్పిన, ఒక లీటరు పెట్రోలుకు రమారమి 9 వేల లీటర్ల గాలి. ఇంతకు మించి గాలి చేరినను, పెట్రోలు తగ్గినను మిశ్రమము పలుచనగును. పలుచని మిశ్రమము నెమ్మదిగా మండును. ఇంజను వేడెక్కును, ఎగ్జాస్టు వాల్వు మాడును. టూ స్ట్రోకు స్ప్రేయర్లలో అపాయము మరింత ఎక్కువ. వాటికి నూనె పెట్రోలుతో కలిసియే అందును గాన, పెట్రోలు తగ్గిన నూనెయు తగ్గి, పిస్టను పట్టివేయును. అట్టి యంత్రమును వెంటనే ఆపవలెను.

ముందుగా చోకుతో పరీక్ష

ఇంజను వేడెక్కిన పిమ్మట చోకును సగము మూయుడు. ఊగులాట తగ్గి ఇంజను కుదుటపడిన యెడల మిశ్రమము పలుచగా నున్నదని నిశ్చయింపవచ్చును. అట్లుగాక నల్లని పొగ వచ్చి ఆగిపోయిన యెడల జబ్బు వేరు. గవర్నరు కడ్డీని, స్ప్రింగును చూడవలెను. ప్లగ్గు తెల్లగా నున్నంత మాత్రమున నిర్ణయింపరాదు. నేటి సీసము లేని పెట్రోలుతో మంచి ఇంజను ప్లగ్గు కూడ కొంత పాలిపోయియే యుండును.

తరువాత, జబ్బు ఎప్పుడు కనబడుచున్నదో గమనింపుడు.

1. బాగుగ నడిచి, ఐదు పది నిమిషములకు ఆగి, కొంతసేపటికి మరల నడిచిన యెడల – పెట్రోలు సరిగా అందుటలేదు.

2. బరువు లేనపుడు ఊగులాడి, బరువు పడిన కొంత కుదిరిన యెడల – ఎచ్చటనో గాలి చొరబడుచున్నది, లేక చిన్న జెట్టు పూడినది.

3. ఖాళీగా బాగుండి, బరువు పడిన ఆగిపోయిన యెడల – పెద్ద జెట్టు పూడినది, లేక పెట్రోలు ధార చాలదు.

పెట్రోలు దారి

ఇంజను చల్లారిన పిమ్మట కార్బురేటరు గిన్నె అడుగు మరను విప్పి, పెట్రోలును ఒక పాత్రలోనికి వదలుడు. చుట్ట, బీడీ దరికి రానీయరాదు. ధార ఆగక పడవలెను. కొంతసేపటికి సన్నగిల్లిన యెడల టాంకు మూతను వదులు చేయుడు. ధార మరల పెరిగినచో మూతలోని గాలి రంధ్రము పూడినదని అర్థము. పెరగనిచో కుళాయి జల్లెడను, గొట్టమును శుభ్రపరచవలెను. టాంకు వేరుచోటికి మార్చి యుంటిరేని, అది కార్బురేటరు కంటె ఎత్తున ఉన్నదా, గొట్టము వంపు తిరిగి పైకి లేచినదా అనునది చూడుడు.

దొంగ గాలి

ఇంజను మార్చినచోట ఎక్కువగా అనుమానింపవలసినది దీనినే. కార్బురేటరుకు, ఇంజనుకు నడుమ వేడిని ఆపుటకు ఒక బేకలైటు దిమ్మె, దానికి ఇరువైపుల గ్యాస్కెట్లు ఉండును. ఇచ్చట చిన్న సందు ఏర్పడినను, పెట్రోలును వెంటబెట్టుకొనని గాలి నేరుగా లోనికి పోవును. పరీక్ష సులభము. ఆ అతుకుల చుట్టును దట్టముగా గ్రీజు పూసి ఇంజను నడుపుడు. ఊగులాట ఆగినచో దొంగ దొరికినట్లే. వేడి ఇంజనుపై పెట్రోలు చల్లి పరీక్షించుట ప్రాణాపాయము, ఎన్నడును చేయరాదు.

ఒక పత్తి రైతు వీడరుకు ఇంజను మార్చగా ఇట్టి జబ్బే పట్టుకొన్నది. ఆయన రెండు కార్బురేటర్లు మార్చి చూచెను. నట్లు బిగువుగనే యున్నవి. అయినను గ్రీజు పూయగానే ఇంజను కుదుటపడెను. విప్పి చూడగా, కొత్త ఇంజను స్టడ్లకు మరలు చివర కొంతమేర మాత్రమే యున్నవి. ఆయన వేసిన పాత దిమ్మె కొత్తదాని కంటె పలుచన. నట్టు మరలు ముగిసినచోట బిగిసినదే గాని కార్బురేటరును నొక్కలేదు. కాగితమంత సందు మిగిలినది. కొత్త ఇంజనుతో వచ్చిన దిమ్మెను వేయగా జబ్బు పోయినది. కాని అప్పటికి పదును దాటి, కలుపును కూలీలచే తీయింపవలసి వచ్చెను.

అతిగా బిగించుటచే కార్బురేటరు మొగము వంగుటయు కలదు. చదునైన అద్దముపై ఉప్పుకాగితము పరచి, మెల్లగా రుద్ది సరిచేయవచ్చును. గాలి ఫిల్టరు లేకుండ నడుపుట ఎంతమాత్రము తగదు; మిశ్రమము పలుచనగుటయే గాక దుమ్ము చేరి సిలిండరు అరుగును.

జెట్లు కడపట

పై రెండును సరిగా నున్నపుడే జెట్లను విప్పవలెను. సన్నని రాగి తీగతోను, గాలి ఊదియు శుభ్రపరచవలెను. ఉక్కు సూదితో పొడిచిన రంధ్రము పెద్దదై చెడును. పాత కార్బురేటరు వేరొక ఇంజను కొలతది అయిన యెడల దాని జెట్టు కొత్త ఇంజనుకు సరిపడకపోవచ్చును. సందు మూయకుండ పెద్ద జెట్టు వేసిన జబ్బు దాగునే గాని పోదు.

2025 నాటికి పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది. ఈ మిశ్రమ ఇంధనము కిలోకు సుమారు 13.5 కిలోల గాలియే చాలును. అందుచే పాత జెట్టుతో నడచు ఇంజను మునుపటి కంటె కొంత పలుచగనే నడచును. చిన్న సందు కూడ బయటపడును. ఇథనాలు నీటిని పీల్చును గనుక, పని లేని కాలమున టాంకును, గిన్నెను ఖాళీచేసి ఉంచవలెను.

ఇంజను మార్చునపుడు దానితో వచ్చిన కార్బురేటరు, దిమ్మె, గ్యాస్కెట్లు, స్టడ్లనే వాడుడు. యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములందు గ్రామాధికారులు ఈ నియమమును అమలుపరచిన యెడల, పదును వేళ యంత్రము మూలపడు బాధ చాలవరకు తప్పును.