గ్యాలరీ నేల మీది తాండూరు బండ

రెండేళ్ల కిందట మా విద్యార్థులను హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక చిత్రకళా గ్యాలరీకి తీసుకెళ్లాను. ఇరవై మందిలో పద్దెనిమిది మంది అటువంటి చోట అడుగుపెట్టడం అదే మొదటిసారి. తెల్లటి గోడలు, ఒక్కో బొమ్మ మీదికే మళ్లించిన దీపాలు, మన గొంతే మనకు పెద్దగా వినిపించే నిశ్శబ్దం. అందరూ గోడల వైపు చూస్తుంటే, తాండూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రాడు మాత్రం గొంతుకూర్చుని నేలను అరచేత్తో నిమురుతున్నాడు. 'సార్, ఇది మా దిక్కు బండ' అన్నాడు. అతని తండ్రి పాలిష్ యూనిట్‌లో బండలు మోసే కూలీ. అంతలో కాపలా మనిషి వచ్చి, 'కింద కూసోవద్దు, ఏదీ ముట్టుకోవద్దు' అన్నాడు. మాట యాసను బట్టి అతనిదీ పాలమూరు వైపే.

ముట్టుకోవద్దన్న నియమం ప్రపంచంలోని ప్రతి ప్రదర్శనశాలలోనూ ఉంటుంది. చేతి చెమట రంగును పాడు చేస్తుందన్నది దానికి న్యాయమైన కారణం. అయితే తరతరాలుగా ఆ మాటను బావి దగ్గర, గుడి గడప దగ్గర, హోటల్ గ్లాసు దగ్గర విన్నవారి చెవిలో అది ఒక్క కారణంతో ఆగదు. ఆ కుర్రాడు లేచి నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మిగతా గంటసేపూ అలాగే ఉన్నాడు.

తాండూరు బండ గురించి మనకు తెలిసింది తక్కువ. అది సున్నపురాయి జాతి నాపరాయి. భూమిలోనే పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి గునపంతో పొర విడదీస్తే పలకగా లేస్తుంది. నీలం కలిసిన బూడిద రంగుది, పసుపు ఛాయది అని ప్రధానంగా రెండు రకాలు. సరిహద్దుకు ఆవల కర్ణాటకలోని షాబాద్ నుంచి వచ్చేదీ ఇదే కుటుంబం. అందుకే మన పాత ఇళ్లలో దాన్ని షాబాదు బండ అంటారు. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం కాలంలో, 1874లో, రైలు నడిచాక ఈ రాయి నగరానికి చేరడం సులువైంది. పాఠశాల వరండాలు, దవాఖానా నడవలు, రైల్వే ప్లాట్‌ఫారాలు, ఇప్పుడు గ్యాలరీలు. రాయిని పొర విడదీసే పనిలో వడ్డెరలు, దళితులు, లంబాడాలు, పని వెతుక్కుంటూ సరిహద్దు దాటి వచ్చిన కూలీలు ఉంటారు. క్వారీ లీజు, పాలిష్ యంత్రం, లారీ వేరే చేతుల్లో ఉంటాయి. ఆ చేతుల కులమేమిటో తాండూరు బజారులో ఎవరినడిగినా చెబుతారు.

అంటే గ్యాలరీలోకి ఆ పల్లె ఎప్పుడో వచ్చింది. నేలగా వచ్చింది. గోడ మీదికి రావడమే మిగిలింది.

గ్యాలరీ దినచర్య చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. పొద్దున తలుపులు తెరిచేది, నేల తుడిచేది, చెక్కపెట్టెల్లోంచి బొమ్మలు తీసి నీటిమట్టం పెట్టి గోడకు తగిలించేది, చట్రాలు కట్టేది ఒక జట్టు. పదకొండు గంటల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని కొనుగోలుదారులతో ఇంగ్లీషులో మాట్లాడేది మరో జట్టు. ప్రారంభోత్సవం సాయంత్రం వచ్చే అతిథులు మూడో జట్టు. అమ్ముడైన బొమ్మ పక్కన చిన్న ఎర్ర చుక్క అంటిస్తారు. ధరలో చాలాచోట్ల మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీ వాటా. మిగతాది చిత్రకారుడిది. ఎవరినీ ఎవరూ కులం అడగరు. అడగవలసిన అవసరమే రాకుండా ఆ మూడు జట్లూ ముందే విడిపోయి ఉంటాయి. బ్రయన్ ఓడోహర్టీ అనే విమర్శకుడు 1976లో ఈ తెల్లగోడల గది మీద రాసిన వ్యాసాల్లో, బయటి ప్రపంచాన్ని లోపలికి రానివ్వకుండా కట్టిన పూజాగృహం లాంటిదని దాన్ని వర్ణించాడు. పూజాగృహం అనగానే మన దేశంలో లోపలెవరు, బయటెవరు అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆయనకు ఆ ప్రశ్న తట్టే అవకాశం లేదు. మనకు తట్టకపోవడమే వింత.

హైదరాబాద్‌లో కళను ప్రదర్శించే సంస్కృతి కొలువుల నుంచి, దేవిడీల నుంచి బయటికొచ్చింది. సాలార్‌జంగ్ కుటుంబ సేకరణ 1951లో దివాన్ దేవిడీలో ప్రజల కోసం తెరుచుకుంది. బొంబాయి జేజే కళాశాలలో చదివిన పి.టి. రెడ్డి నారాయణగూడలోని తన ఇంటినే 'సుధర్మ' పేరుతో చిత్ర ప్రదర్శనశాలగా మార్చుకున్నారు. కలాకృతి వంటి ప్రైవేటు గ్యాలరీ 2002లో వచ్చింది. ఆ తర్వాత ఐటీ డబ్బు, రియల్ ఎస్టేట్ డబ్బు తోడై బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గోడల మీద బొమ్మలకు గిరాకీ పెరిగింది. మాదాపూర్ కావూరి హిల్స్‌లో ప్రభుత్వ గ్యాలరీ ఉంది. ఈ చరిత్రలో కింది కులాల వారికి తలుపు తెరిచింది ప్రభుత్వ కళాశాల, ఉపకార వేతనం. మార్కెట్ తనంతట తాను తెరిచింది తక్కువ.

దీనికి పెద్ద సాక్ష్యం లక్ష్మా గౌడ్. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టారు. ఇంటిపేరు కలాల్. కల్లు, సారాయి అమ్ముకునే కులం ఆయన పేరులోనే ఉంది. హైదరాబాద్ ప్రభుత్వ కళాశాలలో, తర్వాత బరోడాలో చదివి, దూరదర్శన్‌లో పనిచేసి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఎచింగుల్లో మేకలు, చెట్లు, సిగ్గుపడని పల్లె దేహాలు ఉంటాయి. తోట వైకుంఠం బొమ్మల్లోని నల్లని ఒళ్లు, పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల స్త్రీలు తెలంగాణ పల్లె స్త్రీలు. ఆ స్త్రీలకు బంజారాహిల్స్ హాలులో చోటు దొరికింది. ఆ హాలు తుడిచే స్త్రీ అదే పోలికతో ఉన్నా ఆమెను ఎవరూ తలెత్తి చూడరు. ఇది వైకుంఠం గారి మీద ఫిర్యాదు కాదు. కొనేవారి చూపు మీద.

అసలు 'గ్యాలరీ లేని వాడ' అన్న మాటే సరికాదు. చేర్యాల నకాషీ పటాలను తలచుకోండి. మూడడుగుల వెడల్పు, కొన్నిసార్లు అరవై అడుగుల దాకా పొడవున్న ఖాదీ బట్ట. దానికి చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఎర్రని నేపథ్యం మీద కథను అడ్డ వరుసల్లో గీస్తారు. ఈ పటాలు రాజుల కోసం గీసినవి కావు. మాదిగలకు జాంబపురాణం, పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, గౌడులకు గౌడపురాణం, చాకళ్లకు మడేలు పురాణం. కథ చెప్పేవారూ వేరు వేరు. మాదిగలకు డక్కలి, పద్మశాలీలకు కూనపులి. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి అన్న మిరాశీ హక్కు ఉండేది. రాత్రి దీపం వెలుగులో పటాన్ని ఒక్కో వరుసే విప్పుతూ చెప్పేవారు. పాతబడిన పటాన్ని మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో కలిపేవారు. ఇంతకన్నా నిండైన ప్రదర్శనశాల ఏది? కళాకారుడు, వ్యాఖ్యాత, ప్రేక్షకుడు, పోషకుడు అందరూ అందులోనే ఉన్నారు.

అలాగని దాన్ని స్వర్ణయుగంగా చూపడం నాకిష్టం లేదు. మాదిగల మీద ఆధారపడి బతికే డక్కలిని మాదిగలే తమ ఇంట్లోకి రానివ్వని నిచ్చెన అందులోనే ఉంది. అయితే జాంబపురాణంలో సృష్టికి ముందే పుట్టినవాడు మాదిగల మూలపురుషుడు జాంబవుడు. తక్కినవాళ్లందరూ ఆయన తర్వాతే. ఆ కథను చూపే పటానికి ఇవాళ గిరాకీ లేదు. నకాషీ కుటుంబాలు ఎక్కువగా రామాయణ దృశ్యాలు, కృష్ణలీలలు, బతుకమ్మ బొమ్మలు, మాస్కులు, తాళంచెవి గొలుసులు చేస్తున్నాయి. అవి గోల్కొండ హస్తకళల దుకాణంలో దొరుకుతాయి. పటం హస్తకళ అయింది, కాన్వాసు కళ అయింది. ఒకదానికి బేరం ఆడతాం, మరోదానికి కాటలాగ్ వేస్తాం. వాడ పురాణం కొట్టుకుపోయి గుడి పురాణం మిగిలిందన్న సంగతిని 'సంప్రదాయ కళ పరిరక్షణ' అన్న మాట కప్పేస్తోంది. కళాచరిత్రకారుడు వై.ఎస్. అలోన్ దీనికి 'రక్షిత అజ్ఞానం' అని పేరు పెట్టారు. కులాన్ని చూడకుండా ఉండేందుకు జాగ్రత్తగా కాపాడుకునే తెలియనితనం అన్నమాట.

ఈ గోడను కొంత కదిపిన ప్రయత్నం భోపాల్ భారత్ భవన్‌ది. 1982లో జె. స్వామినాథన్ అక్కడ ఆదివాసీ చిత్రాలనూ నగర చిత్రకారుల కాన్వాసులనూ ఒకే కప్పు కిందికి తెచ్చారు. ప్రధాన్ గోండు యువకుడు జంగఢ్ సింగ్ శ్యామ్ అలా ప్రపంచానికి తెలిశాడు. 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేస్తూ అక్కడే ప్రాణం తీసుకున్నాడు. గోడ మీద చోటు ఇవ్వడంతో పని పూర్తయిందనుకునే వారికి ఆ మరణం ఒక ప్రశ్న.

మన దగ్గర ఆ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1988లో ఏర్పడిన సరోజినీ నాయుడు కళల విభాగం ఉంది. అదే ప్రాంగణంలో 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలివేయబడిన ఐదుగురు దళిత విద్యార్థులు దుకాణ సముదాయం దగ్గర ఆరుబయట అంబేడ్కర్, ఫూలే పటాలనే గోడలుగా నిలబెట్టి ఒక చోటు కట్టుకున్నారు. దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వారిలో ఒకడు రోహిత్ వేముల. జనవరి 17న మనల్ని విడిచిపోయాడు. ఆ దశాబ్దంలో తెలుగు నేల మీద ఎవరూ మరిచిపోలేని ప్రదర్శన ఏదంటే నేను వెలివాడ పేరే చెబుతాను. దానికి క్యూరేటర్ లేడు, ప్రారంభోత్సవం లేదు.

వికారాబాద్ జిల్లా ఏర్పడింది 2016లోనే. అనంతగిరికి పర్యాటకులొస్తున్నారు, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిత్ర ప్రదర్శన చూడాలంటే మాత్రం తాండూరు విద్యార్థి వంద కిలోమీటర్లకు పైగా రైల్లో రావాలి. జిల్లాకో ప్రదర్శనశాల అడిగితే ఖర్చు అంటారు. ఇక్కడి ప్రతి దళితవాడ చందాలు పోగుచేసి నీలం కోటు అంబేడ్కర్ విగ్రహాన్ని నిలబెట్టుకుంది. 2023 ఏప్రిల్ 14న హుస్సేన్ సాగర్ ఒడ్డున వెలిసిన 125 అడుగుల విగ్రహం శిల్పి రామ్ సుతార్ పేరు అందరికీ తెలుసు. వాడల్లోని విగ్రహాలను సిమెంటుతో పోసినవారి పేర్లు ఏ కాటలాగ్‌లోనూ లేవు. ప్రభుత్వ గ్యాలరీ ఏటా ఎవరి బొమ్మలు కొంటున్నదో, ఏ ధరకు కొంటున్నదో ప్రజలకు చూపాలి. జాంబపురాణం పటం అక్కడ వేలాడాలి, దాని పక్కన కథ చెప్పే డక్కలికి జీతం ఉండాలి. ఇది భిక్ష కాదు, నేల అద్దె.

ఆ కుర్రాడు తర్వాత సెలవులకు ఊరెళ్లి పాలిష్ యూనిట్‌లో ఫొటోలు తీసుకొచ్చాడు. బండల కట్టల మీద సుద్దముక్కతో, ఎర్ర రంగుతో గీసిన గుర్తులు. ఒక్కో ముఠా తన కట్టను పోల్చుకోవడానికి ఒక్కో గుర్తు వేస్తుందట. చక్రం, చేప, నిచ్చెన, మూడు గీతలు. 'ఈ నిచ్చెన మా నాయినది సార్' అని చూపించాడు. బండ నేలలో పరిచే ముందు నీళ్లు కొట్టి కడిగేస్తారని కూడా చెప్పాడు.