పెరటి గదిలో ఫ్యాను ఎందుకు ఓడిపోతుంది?

ఇల్లు చాలక పెరట్లో నాలుగు ఇనుప గొట్టాలు నాటించి, పైన రేకులు వేయిస్తాం. గోడలు లేవు కాబట్టి గాలి బాగా ఆడుతుందనుకుంటాం. తీరా మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చున్నా నడినెత్తి మాడుతుంది. కారణం, ఎండకు కాగిన రేకు కిందికి వెదజల్లే పరారుణ కిరణాలు. ఫ్యాను గాలిని కదిలిస్తుందే గానీ ఈ కిరణాలను ఆపలేదు.

కెల్విన్లలో కొలిచిన ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమంగా ఈ ఉద్గారం పెరుగుతుంది. ఇది స్టీఫాన్-బోల్ట్‌జ్‌మన్ నియమం. ఆ లెక్కన 60 డిగ్రీల సెల్సియస్‌కు కాగిన, తుప్పు పట్టిన రేకు 40 డిగ్రీల తాటాకు కప్పు కంటే చదరపు మీటరుకు సుమారు 140 వాట్లు ఎక్కువ వెదజల్లుతుంది. పది చదరపు మీటర్ల కప్పుకు 1400 వాట్లు. అంటే నెత్తిన ఒక రూమ్ హీటరు వేలాడుతున్నట్టే! ముసలివాళ్లు, పసిపిల్లలు పడుకునే చోట ఇది చిన్న విషయం కాదు.

తాటాకు పొరల మధ్య చిక్కుకున్న గాలి వేడిని తేలిగ్గా దాటనివ్వదు. కానీ నిప్పు భయం ఉంది, పొయ్యి దగ్గర అసలే వద్దు. రేకు తప్పదనుకుంటే పైన తెల్లటి కూల్ పెయింట్ వేయించండి. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనకున్నదీ ఈ సూత్రమే. రేకు కింద జానెడు ఖాళీ వదిలి వెదురు తడకలు కట్టించండి. ఆ ఖాళీ రెండు చివరలా తెరిచి ఉంటేనే వేడిగాలి బయటికి పోతుంది. అందం కోసమని మేస్త్రీ మూసేస్తానంటే ఒప్పుకోకండి.

ఇక పడమటి ఎండ ఏటవాలుగా కప్పు కిందికే దూరుతుంది. అటువైపు బీర తీగ పాకించండి. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. నీరు అందుతున్నంత కాలం ఆకులు ఆ వేడిని ఇలాగే వదిలించుకుంటాయి కాబట్టి రేకులా కాగవు. విత్తనం ఫిబ్రవరిలోనే పెట్టుకోవాలి.