అన్నీ అమ్ముతారు, కాఫీ పొయ్యరు!

అమెరికాలో కూతుళ్ళకు పురుడు పోసి వచ్చిన తల్లులందరూ నయాగరా జలపాతం సంగతి చెబుతారు. నేను నయాగరా చూడలేదు. మా అమ్మాయి కాపురం టెనెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ అనే ఊళ్ళో. అక్కడి పబ్లిక్ లైబ్రరీకి మా పెద్ద మనవరాలు నన్ను వెంటబెట్టుకు వెళ్ళింది. అందులో ఒక గదిలో పొడుగాటి ఫలహారపు బల్ల, దాని ముందు ఎత్తుపీటలు ఉన్నాయి. బల్లమీద తినడానికేమీ లేదు. పది నియమాలు మాత్రం రాసి ఉన్నాయి. కొడితే తిరిగి కొట్టరాదు, తిట్టరాదు. నాయకుడు చెప్పనిదే పీట దిగరాదు. దుకాణం గుమ్మానికి అడ్డం నిలవరాదు. నిటారుగా, బల్లకేసి తిరిగి కూర్చోవాలి.

చిన్నపిల్లల బడి కోసం రాసినవేమో అనుకున్నాను. కాదట. జైలుకు వెళ్ళబోయే కాలేజీ పిల్లలకట!

1960లో ఆ ఊరి బజారులో వూల్‌వర్త్, క్రెస్ వంటి పెద్ద దుకాణాలుండేవి. నల్లజాతి ఇల్లాలు లోపలికి వెళ్ళి సబ్బులూ, దారపు ఉండలూ, పిల్లల పుస్తకాలూ ఎన్నయినా కొనుక్కోవచ్చు. ఆవిడ డబ్బు తెల్లవారి డబ్బుతోపాటు ఒకే గల్లాపెట్టెలో పడేది. డబ్బుకు మైల లేదు కాబోలు! కాని అదే దుకాణంలో ఫలహారపు బల్లముందు కూర్చుని కప్పు కాఫీ అడిగితే పొయ్యరు. చికాగో నుంచి చదువుకోడానికి వచ్చిన డయాన్ నాష్ అనే అమ్మాయి, నల్లవారు పొట్లాలు కట్టించుకుని వీధి అంచున కూర్చుని తినడం చూసి మండిపడింది.

ఆ పిల్లలకు గురువు జేమ్స్ లాసన్. ఆయన మన నాగపూరులో హిస్లాప్ కాలేజీలో పనిచేసి, గాంధీగారి పద్ధతులు ఆకళించుకుని 1956లో తిరిగి వెళ్ళిన మనిషి. నాగపూరంటే మనకు కమలాపళ్ళూ, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సూ గుర్తొస్తాయి గాని, అక్కణ్ణించి ఇటువంటి సరుకు కూడా ఎగుమతి అయిందని నాకు తెలియదు. చర్చిలో ఆ పిల్లలకు ఆయన తాలీము ఇచ్చాడు. ఒకరు కూర్చుంటే మిగతావాళ్ళు తిట్టడం, తొయ్యడం, మొహాన సిగరెట్టు పొగ వదలడం! ఓర్చుకోవడం కూడా సాధన చెయ్యాలన్నమాట.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు ఇలాగే కూర్చున్నారన్న వార్త వచ్చింది. 13వ తేదీన నాష్‌విల్‌లో వందమందికి పైగా బయలుదేరారు. 27న అల్లరిమూక వాళ్ళను పీటలమీంచి లాగి కొట్టింది, వీపులమీద సిగరెట్లు ఆర్పింది. పోలీసులు పట్టుకుపోయింది మాత్రం దెబ్బలు తిన్నవాళ్ళను, ఎనభై మందికి పైగా. కోర్టు 50 డాలర్ల చొప్పున జరిమానా వేస్తే, కట్టం, జైలుకే పోతామన్నారు. లాసన్‌ను ఆయన చదివే యూనివర్సిటీ వెళ్ళగొట్టింది.

అయితే దుకాణందార్లు లొంగింది జైలు చూసి కాదని నా నమ్మకం. పెద్దలు కొనడం మానేశారు, అదీ కిటుకు. ఏప్రిల్ 17న ఈస్టరు. మనకు సంక్రాంతి ఎంతో వాళ్ళకు ఆ పండగంత. కొత్త గౌన్లూ, టోపీలూ, జోళ్ళూ లేనిదే పిల్లలు చర్చికి కదలరు. ఆ ఏడు నల్లజాతి తల్లులు ఆ బజారులో అడుగు పెట్టలేదు. పండగపూట పిల్లలకు పాత బట్టలు తొడగడం ఎంత కష్టమో మగవాళ్ళకేం తెలుసు? నల్లవాళ్ళకు వడ్డిస్తే తెల్లవాళ్ళు రారని వర్తకులు అంతకాలం సాకు చెప్పారు గదా, ఇప్పుడు గొడవలకు జడిసి తెల్లవాళ్ళూ రావడం మానుకున్నారు!

మేయరు వేసిన సంఘం ఒక మధ్యేమార్గం చెప్పింది: బల్లలో కొంతభాగం తెల్లవారికే ఉంచి, మిగతాభాగం అందరికీ ఇవ్వాలట. పిల్లలు ససేమిరా అన్నారు. ఏప్రిల్ 19 తెల్లవారుజామున, వాళ్ళ తరఫు వకీలు లూబీగారి ఇంటిమీద డైనమైట్ పడింది. భార్యాభర్తలు బతికి బయటపడ్డారు. ఆ రోజే వేలమంది మౌనంగా మేయరు కచేరీకి నడిచారు. ఈ వివక్ష తప్పా కాదా అని డయాన్ నాష్ సూటిగా అడిగితే, మేయరు బెన్ వెస్ట్ తప్పేనని ఒప్పుకున్నాడు. మే 10న ఆరు దుకాణాల్లో కాఫీ పోశారు. హడావుడి లేకుండా ముందే మాట్లాడుకుని కొద్దికొద్దిమంది వెళ్ళారట. హోటళ్ళూ, సినిమాహాళ్ళూ దేశమంతటా తలుపులు తెరవడానికి మటుకు 1964 చట్టందాకా ఆగవలసివచ్చింది.

నేను ఇదంతా చదువుతుంటే మనవరాలు పీటెక్కి కూర్చుంది.

"మీ ఊళ్ళో కూడా ఇలా ఉండేదా అమ్మమ్మా?"

ఉండేదే, అన్నాను. మా పెరట్లో చూరుకింద విడిగా ఒక సత్తు గ్లాసు ఉండేది. కోతలప్పుడు వచ్చే ఒకావిడ అది కడుక్కుని పట్టుకుంటే, మా అమ్మ పంపగా నేనే పైనుంచి కాఫీ పోసేదాన్ని, గ్లాసుకు గిన్నె తగలకుండా. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, సరిగ్గా దీని వయసు.

"ఆవిడ పేరేమిటి?" అంది పిల్ల.

ఎంత ఆలోచించినా రాలేదు. అసలు మేమెప్పుడూ అడిగిన గుర్తు లేదు.