బోర్డు మారినంత మాత్రాన రోగం తగ్గునా?

ప్రజారోగ్య శాఖను పునర్వ్యవస్థీకరిస్తున్నామన్న ప్రకటన వెలువడగానే, ఇక ఆసుపత్రుల కష్టాలు తీరినట్లేనని అనేకులు భావిస్తారు. కొన్నేళ్ళకు చూస్తే కార్యాలయాల పేర్లు మారి ఉంటాయి. మందుల గది ముందు నిరీక్షణ మాత్రం మారదు. ఇందుకు కారణమేమిటో ఆయుర్వేద దృష్టితో పరిశీలిద్దాం.

చికిత్సకు నాలుగు పాదాలు

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడ్డాయి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. వీటిలో ఒక్కటి లోపించినా చికిత్స కుంటుపడుతుంది. ఈ నాలుగింటిలో కార్యాలయం లేదని పాఠకులు గమనించాలి. పునర్వ్యవస్థీకరణ ముఖ్యంగా తాకేది ఆ కార్యాలయాన్నే.

మన రాష్ట్రాల అనుభవం

1986 నాటి చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో వైద్య విధాన పరిషత్తు ఏర్పడింది. జిల్లా, ఏరియా ఆసుపత్రులు దాని క్రిందికి వెళ్ళాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఒక సంచాలకుని క్రింద, బోధనాసుపత్రులు మరొక సంచాలకుని క్రింద ఉండిపోయాయి. స్వయంప్రతిపత్తి ఆశయమైనా, నిధులకు ప్రభుత్వ గ్రాంటే ఆధారం. ప్రాథమిక కేంద్రం నుండి పెద్దాసుపత్రికి పంపబడే గర్భిణి ఒక్కతే. ఆమె దాటవలసిన పాలనా గడపలు మాత్రం మూడు.

మా డోర్నకల్ 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లా నుండి క్రొత్త మహబూబాబాద్ జిల్లాలో చేరింది. జిల్లా వైద్యాధికారి కార్యాలయం సమీపించడం మేలే. అయితే ఆనాడు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు క్రొత్త కార్యాలయాలకు మొదట ఉన్న ఉద్యోగులనే సర్దారు. కషాయంలో నీరు పోసి ఎక్కువ గ్లాసులు నింపినంత మాత్రాన గుణం పెరగదు కదా!

ఇది మన ఒక్కరి సమస్య కాదు. ఇంగ్లాండులో 2012 చట్టంతో రూపుదిద్దుకొన్న ఆరోగ్య సేవల జాతీయ సంస్థను రద్దు చేస్తామని 2025 మార్చిలో ఆ ప్రభుత్వమే ప్రకటించింది.

మార్పు ఎక్కడ వచ్చింది?

పాదాన్ని బలపరచినచోట వచ్చింది. 2005లో ఆరంభమైన 108 వాహనం రోగిని వైద్యుని చెంతకు చేర్చింది. అదే ఏడాది గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్త ఇంటి ముంగిటికి పరిచారకురాలైంది. 2022లో మహబూబాబాద్‌లో తెరచిన వైద్య కళాశాల జిల్లాకు వైద్యులను తెచ్చింది.

గృహస్థులకు సూచన

అజీర్ణానికి మన వంటింటి వాము చాలు. పాముకాటుకు, ప్రసవ సమయపు రక్తస్రావానికి గృహవైద్యం లేదు. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలసిందే. కనుక ఆ ఆసుపత్రి బాగోగులు మన ఇంటి విషయమే. ఇకపై సంస్కరణ అన్న మాట విన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి: రాత్రి వైద్యుడు ఉంటాడా? మందు ఉంటుందా? నర్సు ఉంటుందా? రోగి మాట వినేవారున్నారా? జవాబు లేని సంస్కరణ బోర్డుకు వేసిన రంగు మాత్రమే.