కొండకి నడుస్తారు, ఆఫీసుకి నడవరేం?

ఏ రోజు ఉదయమైనా సరే, అలిపిరి దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఎక్కడెక్కడి నుంచో రైళ్ళలోనూ, బస్సుల్లోనూ వచ్చిన జనం చెప్పులు విడిచి, మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి, గోవిందనామం చెప్పుకుంటూ పైకి సాగిపోతూ వుంటారు. వాళ్ళలో ముసలివాళ్ళుంటారు. చంకన బిడ్డ నెత్తుకున్న తల్లులుంటారు. సుమారు 9 కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు!

ఇప్పుడు వెనక్కి తిరిగి ఊళ్ళోకి చూడండి. ఆ కొండ నీడలోనే కాపురముంటున్న మనం వీధి చివర పాలప్యాకెట్టు తేవడానికి స్కూటరు తీస్తాం. ఇంటికీ ఆఫీసుకీ మధ్య కిలోమీటరు పైచిలుకు వుంటే "అబ్బో, అంత దూరమా!" అని ఆటో పిలుస్తాం. ఏడాదికోసారి కొండకి నడిచే కాళ్ళు రోజూ ఆఫీసుకి నడవడానికి ఎందుకు మొరాయిస్తాయి? ఈ వారం ఆ సంగతి మాట్లాడుకుందాం.

మొక్కు తీర్చబోయిన గుమాస్తాగారు

ఒక గుమాస్తాగారిని ఊహించుకోండి. కష్టమేమీ కాదు, అటువంటివారు ప్రతి వీధిలోనూ వుంటారు. వయస్సు యాభై రెండు. రోజూ స్కూటరు మీద వెళ్ళి, సాయంత్రందాకా కుర్చీలో కూర్చుని, మళ్ళీ స్కూటరు మీదే ఇంటికి వస్తారు. అమ్మాయి పెళ్ళి కుదిరితే నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నారు. పెళ్ళి కుదిరింది. ఓ శనివారం భార్యతో బయలుదేరారు. మూడువందల మెట్లు దాటేసరికి ఊపిరి అందలేదు. అయిదువందల దగ్గర గుండెల మీద బండ పెట్టినట్లయింది. "ఏమండీ, కాసేపు కూర్చోండి" అని ఆవిడ బతిమాలుతూనే వుంది. "మొక్కు మధ్యలో ఆపకూడదు" అని ఆయన పట్టుదల.

ఆ పట్టుదలే ప్రమాదం. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా దారి బాగా నిటారుగా వుంటుంది. ఇన్నేళ్ళుగా పని లేకుండా పడివున్న తొడలూ, పిక్కలూ ఒక్కసారిగా బోలెడంత రక్తం కావాలని అడుగుతాయి. దాన్ని పంపడానికి గుండె పరుగులు పెట్టాలి. గుండెకే రక్తాన్నిచ్చే నాళాలు లోపల సన్నబడి వుంటే, కుర్చీలో కూర్చున్నంత కాలం తెలియని ఆ లోపం కొండ మీద బయటపడుతుంది. అందుకే ఆయన చెయ్యవలసిన మొదటి పని కూర్చోవడం. రెండోది, సాయం పిలవడం. మొక్కు సంగతి తరువాత.

ఇదంతా ఆ ఒక్కరోజు వచ్చిన జబ్బు కాదు. ఏళ్ళ తరబడి, రోజూ కొంచెం కొంచెంగా పోగుపడినది. దాన్ని ఆపే మందు కూడా రోజూ కొంచెం కొంచెంగా వేసుకోవలసిందే. ఆ మందు పేరు నడక.

డ్రైవరూ, కండక్టరూ

లండన్‌లో జెరెమీ మారిస్ అనే డాక్టరు 1953లో ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడి రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లనీ, కండక్టర్లనీ పోల్చి చూశారు. ఇద్దరిదీ ఒకటే బస్సు, ఒకటే ఊరు. కాని డ్రైవరు రోజంతా కూర్చునే వుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ పైకీ కిందికీ వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బులు కండక్టర్లలోనే తక్కువగా కనబడ్డాయి. ఆయనే తపాలాశాఖలో కూడా చూశారు. ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్లకన్న ఆఫీసులో కూర్చునే గుమాస్తాలకే గుండెపోట్లు ఎక్కువని తేలింది.

అసలు డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే కొంచెం లావుగా వుండేవారని తరువాత బయటపడింది. అయినా ఆ పైన ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలు అసలు మాటను బలపరుస్తూనే వచ్చాయి. ఒళ్ళు కదిలించే మనిషికి గుండె ఎక్కువకాలం సహకరిస్తుంది.

1944లో మొదటి ఘాట్‌రోడ్డు వచ్చేదాకా తిరుమల వెళ్ళాలంటే కాలినడక, లేకపోతే డోలీ. ఆ నాటి మన తాతలకి "ఆరోగ్యం కోసం నడవండి" అని ఎవరూ చెప్పవలసిన అవసరం లేకపోయింది. మనకి ఆ అవసరం వచ్చింది.

లెక్క చాలా చిన్నది

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాల దాకా, మధ్యరకం వేగంతో శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. భయపడకండి. ఆఫీసుకి 15 నిమిషాలు, తిరిగి రావడానికి 15 నిమిషాలు. రోజుకి 30. వారానికి అయిదు రోజులు వేసుకుంటే సరిగ్గా 150! వేరే మైదానం వద్దు, తెల్లవారుజామున అలారం వద్దు, డబ్బు కట్టే వ్యాయామశాల అసలే వద్దు.

మధ్యరకం వేగమంటే ఏమిటి? నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అంతే కొలత.

ఇక మధుమేహం సంగతి. మనదేశంలో సుమారు 10 కోట్లమందికి ఈ జబ్బు వుందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలివారి సర్వే అంచనా వేసింది. కదిలే కండరం రక్తంలోని చక్కెరను తనలోకి లాక్కుంటుంది. అందుకే భోజనమయ్యాక పది పదిహేను నిమిషాలు నడిచినా చక్కెర అంత ఎగబాకదు. రక్తపోటు కొంత తగ్గుతుంది. రాత్రి నిద్ర పడుతుంది.

"ఇల్లు దూరమండీ" అంటారా? రేణిగుంట నుంచీ, చంద్రగిరి నుంచీ వచ్చేవారు రెండు స్టాపుల ముందే దిగండి. "మేం ఇంట్లో చాకిరీ చేస్తూనే వున్నాంగా" అంటారా అమ్మా? ఇంటిపని శ్రమే, కాదనను. కాని వంటగదిలో నిలబడడం వేరు, ఆగకుండా పావుగంట నడవడం వేరు. కూరగాయల సంచీ పట్టుకుని మార్కెట్టుకి మీరే నడిచి వెళ్ళండి.

"నడవడానికి రోడ్డేదండీ?"

న్యాయమైన ప్రశ్న. తిరుపతి చిన్న ఊరే కాని, జనం మాత్రం రోజూ తీర్థమే. స్టేషను దగ్గరా, గోవిందరాజస్వామి గుడి చుట్టూ, గాంధీరోడ్డులో భుజం భుజం రాసుకోకుండా అడుగు పడదు. పేవ్‌మెంటు మీద బండ్లు, బండ్ల పక్కన ఆటోలు. కాబట్టి కొన్ని జాగ్రత్తలు.

పెద్దరోడ్డు వదిలి పక్కసందు పట్టుకోండి. రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా పొగ తక్కువ పీలుస్తారు. పేవ్‌మెంటు లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనబడేటట్లు కుడిపక్కన నడవండి. సెల్‌ఫోను జేబులో వుంచండి. చీకటి పడితే లేతరంగు బట్టలు మేలు.

వేసవిలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గొడుగు నామోషీ కాదు. ఇంట్లోంచి బయలుదేరేముందే ఓ గ్లాసు నీళ్ళు తాగండి. సాయంత్రం ఎండ తగ్గాకనే తిరుగుప్రయాణం పెట్టుకోండి. తల తిరిగినా, కడుపులో తిప్పినా నీడకు చేరి కూర్చోండి.

చెప్పుల విషయం మరీ ముఖ్యం. అరిగిపోయిన రబ్బరు చెప్పులతో నడిస్తే మడమ నొప్పి తప్పదు. వెనక పట్టీ వున్న చెప్పులో, మెత్తని బూట్లో వేసుకోండి. మధుమేహం వున్నవారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. ఎండకు కాలిన రాయి మీద వట్టికాళ్ళతో నడిస్తే బొబ్బలెక్కినా వాళ్ళకు తెలియకపోవచ్చు. ఆ బొబ్బే పుండై, వేలు తీసేసేదాకా పోయే ప్రమాదముంది. కొండెక్కడమంటే వట్టికాళ్ళతోనే అనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోండి. ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోండి, కనబడకపోతే ఇంట్లోవాళ్ళచేత చూపించుకోండి.

ఎవరు డాక్టరుని అడగాలి?

గుండెజబ్బు, ఆయాసం, అదుపులో లేని రక్తపోటు వున్నవారు ముందు డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. 60 ఏళ్ళు దాటి మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, కీళ్ళ జబ్బు వున్నవారు మెట్లదారిన రాకపోవడమే మంచిదని దేవస్థానంవారు కూడా 2024లో సూచించారు.

నడుస్తుంటే గుండె బిగబట్టినా, ఆ నొప్పి దవడకో చేతికో పాకినా, చల్లని చెమటలు పోసినా అడుగు ముందుకి వెయ్యకండి. 108కి ఫోను చెయ్యండి. "గ్యాసేమో" అని సోడా తాగి కాలం గడపకండి.

ఆరోగ్యవంతులు మెట్లెక్కాలనుకుంటే మూడునెలల ముందునుంచే ఆఫీసుకి నడవండి. ఆఫీసులో లిఫ్టు మానండి. దిగేటప్పుడు మోకాళ్ళ మీద బరువెక్కువ. మోకాళ్ళు బాధిస్తుంటే ఎక్కి వెళ్ళి, బస్సులో దిగండి. స్వామి ఏమీ అనుకోడు!

తిరుగు నడక

చివరిగా ఒకమాట. పొద్దుటి నడక ఒంటికైతే, సాయంత్రం నడక మనస్సుకి. ఆఫీసులో ఎవరో ఏదో అన్న మాటను స్కూటరు మీద వస్తే ఆరు నిమిషాల్లో ఇంట్లోకి మోసుకొస్తాం. ఆ కోపం పిల్లల మీదో, కూరలో ఉప్పు మీదో తీరుతుంది. నడిచి వస్తే పావుగంట. అంతసేపట్లో దానిలో సగం రోడ్డు మీదే రాలిపోతుంది. తలెత్తితే ఎదురుగా కొండ, చీకటి పడుతుంటే దారి వెంట దీపాలు. రోజూ అక్కడే వున్నా, బండి మీద పోయేవాడికి అవి కనబడవు.

మన గుమాస్తాగారు భార్య మాట విని కూర్చున్నారనీ, వైద్యం చేయించుకున్నారనీ, డాక్టరు అనుమతితో ఇప్పుడు ఆఫీసుకి నడిచి వెళుతున్నారనీ అనుకుందాం. మీరు అంతదాకా ఆగడమెందుకు? రేపు ఉదయం స్కూటరు తాళం చెవి మేకుకే వుండనివ్వండి. పదిహేను నిమిషాలు ముందు బయలుదేరండి. ఏమంటారు?